మావయ్యగారి కుడిచెయ్యి

ఆ రోజు పొద్దున్న భాస్కర్ వేసుకున్న పథకం చిన్నదే. ఇడ్లీ తినడం, భార్యని బజారుకి పంపించెయ్యడం, గేటుకి తాళం వెయ్యడం, భోజనాల వేళకి మావగారి కుర్చీకి రెండు చేతులూ తయారు చేసెయ్యడం. ఆదివారం మావగారు అబ్బులుగారు రాయవరం నుంచి వస్తున్నారు. ఆయన వచ్చేసరికి కుర్చీ వసారాలో ఉండాలి. ఎవరు చేశారని ఆయన అడగాలి. నాగదుర్గ చెప్పాలి. ఆ తర్వాత ఏం జరగాలో కూడా భాస్కర్ మనసులో చాలాసార్లు చూసుకున్నాడు గానీ ఎవరికీ చెప్పలేదు.

"నన్నెందుకండీ ఇంట్లోంచి తరిమేస్తున్నారు?" అంది నాగదుర్గ, సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడి. "నేనేమన్నా ఆ మిషన్లో చెయ్యి పెడతానా?"

"పెట్టవు. పక్కన నిలబడి మాట్లాడతావు. నువ్వు మాట్లాడితే నేను నీవైపు చూస్తాను. చూస్తే మిషను జారుతుంది."

"పాతికేళ్ళ కాపరంలో నేను మాట్లాడితే మీరు నావైపు చూసిందెప్పుడండీ?"

భాస్కర్ వెళ్ళి గేటు తీసి పట్టుకున్నాడు. "మిషను తిరిగేచోట పనిలేని మనిషి ఉండకూడదు. అంతే," అన్నాడు. నాగదుర్గ కుట్టడానికిచ్చిన జాకెట్లు తెచ్చుకుంటానని కొత్తపేట సెంటర్లో టైలరు దగ్గరికి బయల్దేరింది.

ఆ మాట భాస్కర్ మస్కట్‌లో పద్దెనిమిదేళ్ళపాటు రోజూ చెప్పిన మాట. అక్కడ భవనాలు కట్టే కంపెనీ ఒకదాంట్లో అతను సేఫ్టీ ఆఫీసరు. హెల్మెట్టు లేకుండా ఎవడైనా కనిపిస్తే ఆపడం, తాడు కట్టుకోకుండా పైకెక్కేవాణ్ణి దింపడం, పొద్దున్నే పనివాళ్ళందరినీ వరసగా నిలబెట్టి జాగ్రత్తలు చెప్పడం అతని ఉద్యోగం. దాన్ని అతను ఎంతో శ్రద్ధగా చేశాడు. అతను చూసిన పనిలో ఒక్కడికి కూడా వేలు తెగలేదు. ఆ సంగతి చెప్పుకుందామంటే వినేవాళ్ళు లేరు. జరిగినదాని గురించి అయితే కబుర్లు చెప్పొచ్చు గానీ, జరగనిదాని గురించి ఏం చెప్తాం?

అబ్బులుగారు మాత్రం చెప్పేవారు. ఏ పెళ్ళిలోనైనా పక్కన నలుగురు కూర్చుంటే చాలు, మొదలెట్టేవారు. "మా అల్లుడుగారిది మస్కట్లో పెద్ద ఉద్యోగమండి. పొద్దున్నే వెళ్ళి జాగ్రత్త అంటారు. సాయంత్రం మళ్ళీ జాగ్రత్త అని చెప్పి ఇంటికొచ్చేస్తారు. మధ్యలో ఆ అరబ్బులు జీతమిస్తారు." నలుగురూ నవ్వేవారు. భాస్కర్ కూడా నవ్వేవాడు. అలా తనూ నవ్వాల్సి రావడమే అతనికి ఎక్కువ బాధగా ఉండేది.

ఆర్నెల్ల కిందట ఉద్యోగం ముగించుకుని వచ్చేస్తూ అందరూ ఖర్జూరం, సెంటు సీసాలు తెచ్చుకుంటే, భాస్కర్ ఒక రౌటర్ మిషను తెచ్చుకున్నాడు. వడ్రంగులు చెక్క అంచుల్ని గుండ్రంగా తియ్యడానికీ, గాడి తియ్యడానికీ వాడే కరెంటు మిషను అది. పైన పట్టుకోవడానికి రెండు పిడులు, కింద బొటనవేలంత ఉక్కు బిట్టు. ఆ బిట్టు గిర్రున తిరుగుతుంటే దాని కింద చెక్కయినా ఒకటే, చెయ్యయినా ఒకటే. మిషనుతోపాటు కళ్ళజోళ్ళు, చెవులకి పెట్టుకునే డిప్పలు, ముక్కుకి మాస్కు, తోలు గ్లౌజులు, ఎరుపు తెలుపు చారల టేపు కూడా పెట్టెనిండా వచ్చాయి. అంతకుముందు భాస్కర్ పదిమంది చేతులు కాపాడ్డమే గానీ తన చేత్తో గోడకి మేకు కొట్టినవాడు కాదు. నెలరోజులు కష్టపడి, నాలుగు కాళ్ళమీద ఒక టేకు కుర్చీ నిలబెట్టాడంటే అది పంతమే.

నాగదుర్గ వెళ్ళగానే గేటుకి లోపలినుంచి తాళం వేసి, తాళంచెవి ప్యాంటు కుడిజేబులో పడేసుకున్నాడు. ఇంటి పక్కన రేకుల షెడ్డు చుట్టూ చారల టేపు కట్టాడు. పొట్టు పక్కవాళ్ళింట్లోకి ఎగరకుండా నాగమణిగారి గోడవైపు నిలువెత్తు ప్లైవుడ్ షీటు ఒకటి అడ్డం పెట్టాడు. ఉంగరం తీశాడు, వాచీ తీశాడు, చొక్కా ప్యాంటులోకి దోపుకున్నాడు. గ్లౌజులు తొడుక్కుని చెక్కని బల్లమీదికి మోసుకొచ్చి, కదలకుండా రెండు క్లాంపులతో బిగించాడు. తర్వాత గ్లౌజులు తీసేశాడు. గ్లౌజులు చెక్క మొయ్యడానికే. తిరిగే బిట్టు దగ్గర గ్లౌజు ఉంటే దాని అంచు చిక్కుకుని చేతిని కూడా లోపలికి లాగేస్తుంది. ఈ మాట మస్కట్‌లో ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. తీసిన గ్లౌజులు రెండూ వెనకజేబులో కుక్కాడు. షీటుని ఇంకోసారి సర్దుతుంటే అందులో కుడిచేతిది జారి, ప్లైవుడ్‌కి అవతల, పాత పొట్టులో వెల్లకిలా పడింది. గోధుమరంగు తోలుది. మణికట్టు దగ్గర ఎర్రగుడ్డ పట్టీ. ఐదు వేళ్ళూ పైకి చాచుకుని పడుకుంది. భాస్కర్ చూడలేదు.

ప్లగ్గు పీకి ఉండగానే బిట్టు బిగించాడు. బిగిసిందో లేదో లాగి చూశాడు. కళ్ళజోడు, మాస్కు, చెవిడిప్పలు పెట్టుకున్నాడు. తర్వాతే ప్లగ్గు పెట్టి స్విచ్చి నొక్కాడు. అక్కడిదాకా అంతా పుస్తకంలో రాసినట్టే జరిగింది. మనిషికి ఏమీ కాకుండా చూసుకునే రూళ్ళన్నీ భాస్కర్‌కి కంఠతా వచ్చు. చెక్కకి ఏమీ కాకుండా చూసుకునే రూళ్ళు మాత్రం ఎవరూ చెప్పలేదు. గాడిని కొంచెం కొంచెంగా, నాలుగైదుసార్లు తియ్యాలని తెలియక, ఒక్కసారే అయిపోతుంది కదా అని బిట్టుని లోతుకి దింపేశాడు. టప్పున చప్పుడైంది. చక్కగా నునుపు చేసిన టేకు చెయ్యి నిలువునా రెండు బద్దలైపోయింది.

భాస్కర్ కంగారు పడలేదు. స్విచ్చి ఆపాడు. బిట్టు పూర్తిగా ఆగేదాకా మిషను వదల్లేదు. ప్లగ్గు పీకాడు. తన వేళ్ళు చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. ఒక్క క్షణం గర్వంగా అనిపించింది. తర్వాత చెక్కకేసి చూశాడు. మాస్కూ డిప్పలూ మెడలోకి లాక్కుని, కలప అడితి నడిపే అభిలాష్‌కి ఫోను చేశాడు. కుర్చీకి చెక్కలు కోసిచ్చింది అతనే.

"అభిలాష్, కుడిచెయ్యి పోయిందయ్యా."

"అయ్యో! ఎలాగండీ?"

"ఒక్కసారే లోపలికి దింపేశాను. నిలువునా రెండు ముక్కలు."

"అతకదాండీ?"

"అతికించినా బలముండదు. బరువు ఆనితే మళ్ళీ ఊడొస్తుంది. ఎడమచెయ్యి బాగానే ఉంది. కాలే ఒకటి పొడుగున్నట్టుంది, తర్వాత చూసి కొంచెం కోసేస్తాను. నీ దగ్గర ఇంకో చెయ్యుందా?"

"పాత టేకుది ఒకటుందండి. కోసి పంపించనాండీ?"

"పంపించు. కంగారేం లేదులే, సాయంత్రానికి వచ్చినా చాలు."

సైట్లో క్రేనుల చప్పుడు మధ్య మాట్లాడి మాట్లాడి భాస్కర్ గొంతు పెద్దదైపోయింది. ఫోన్లో మాట్లాడితే వీధంతా వినిపిస్తుంది. ఫోను స్విచ్చాఫ్ చేసి, చెవులు మూసుకుని, కుర్చీ కాళ్ళ అంచులు గుండ్రంగా తీద్దామని మళ్ళీ మిషను ఆన్ చేశాడు. పని టైములో ఫోను మోగకూడదన్నది ఇంకో రూలు.

అవతలేం జరిగిందో భాస్కర్‌కి తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది.

పక్కింటి నాగమణిగారు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. మిషను చప్పుడు, టప్పున ఇంకో చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, తర్వాత భాస్కర్ గొంతు. "కుడిచెయ్యి పోయింది" దగ్గర ఆవిడ చేతిలో చీర జారిపోయింది. "నిలువునా రెండు ముక్కలు" దగ్గర జారిన చీర తొక్కుకుంటూ గోడ దగ్గరికొచ్చింది. "ఇంకో చెయ్యుందా" అనేసరికి, పాపం షాకులో ఏదేదో మాట్లాడుతున్నారని అర్థమైపోయింది. బట్టలుతికే బండ ఎక్కి గోడమీంచి తొంగి చూసింది. ప్లైవుడ్ అడ్డం. మనిషి కనపడలేదు. పొట్టులో చెయ్యి కనపడింది. మణికట్టు దగ్గర ఎర్రగా ఉంది. నాగమణిగారికి రక్తమంటే భయం. రెండోసారి చూడలేదు.

"అన్నయ్యగారూ! భాస్కరన్నయ్యగారూ!" అని కేకేసింది. జవాబుగా మిషను గుర్రుమంది.

అప్పుడే వీధిలోంచి చేపల మాణిక్యం వెళ్తోంది. నెత్తిమీద థర్మోకోల్ పెట్టె, అందులో ఐసు, ఐసులో శీలావతులు. నాగమణిగారి కేక విని పెరట్లోకి వచ్చి పెట్టె దింపి, ఆ బండమీదికెక్కి తనూ చూసింది. మాణిక్యానికి రక్తమంటే భయం లేదు గానీ దూరపు చూపు సరిగా ఆనదు.

"ఐదు వేళ్ళూ ఉన్నాయండమ్మా," అంది దిగి. "పాపం, చెయ్యి తెగినా మిషను ఆపలేదేంటండీ?"

"ఒంటిచేత్తో ఎలా ఆపుతారే!"

నాగమణిగారు అంబులెన్సుకి ఫోను చేసింది. "మా పక్కింటాయనకి రౌటర్లో చెయ్యి తెగిపోయిందండి!"

"వైఫై రౌటర్లోనా అమ్మా?" అంది అవతలి అమ్మాయి.

"ఏమోనమ్మా! మస్కట్ నుంచి తెచ్చేరు!"

ఆ అమ్మాయి నెమ్మదస్తురాలు. అడ్రసు అడిగి, బండి పంపిస్తున్నానని చెప్పి, తెగిన చేతిని శుభ్రమైన గుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవర్ని ఐసులో పెట్టమంది. నాగమణిగారు ఫోను పట్టుకునే మాణిక్యంకేసి చూసింది.

"ఐసుందండి," అంది మాణిక్యం. "చేపలు తీసెయ్యమంటారా, ఉంచెయ్యమంటారా?"

"తీసెయ్యి!"

శీలావతులు నాగమణిగారి అరుగుమీదికి చేరాయి. వాటికోసం వీధిలో పిల్లులు చేరాయి. కేకలకి మనుషులు చేరారు. గేటు తాళం వేసి ఉంది. గోడమీద గాజుపెంకులున్నాయి. నిచ్చెన తెమ్మని ఎవరో అన్నారు. నిచ్చెన నాగమణిగారిదే గానీ, ఒక మెట్టు వదులుగా ఉంది, ఎవరూ ఎక్కకూడదని భాస్కర్ కిందటి వారమే పట్టుకెళ్ళి తన షెడ్డులో పెట్టేశాడు. పదిమందీ కలిసి గేటు బాదారు. లోపల మిషను ఆగి ఆగి గుర్రుమంటూనే ఉంది. ఆగినప్పుడల్లా ఆడవాళ్ళు "అయ్యో" అన్నారు. మళ్ళీ మొదలైనప్పుడల్లా ఇంకా గట్టిగా అన్నారు.

ఈలోగా నాగమణిగారు నాగదుర్గకి ఫోను చేసింది. భయపెట్టకుండా చెప్పాలని చాలా ప్రయత్నం చేసింది. "వదినా, ఏమీ కాలేదు. కంగారు పడకుండా నెమ్మదిగా వచ్చెయ్యండి. ఐసు కూడా దొరికింది."

"ఐసెందుకు వదినా?"

"చేతికి."

నాగదుర్గ జాకెట్లు టైలరు బల్లమీదే వదిలేసి ఆటో ఎక్కింది. భర్తకి చేస్తే స్విచ్చాఫ్. తండ్రికి చేసింది. "నాన్నా, ఆయన కుడిచెయ్యి..." అన్నదాకా చెప్పగలిగింది. మిగతాది ఏడుపు. రాయవరంలో అబ్బులుగారు తువ్వాలు భుజాన వేసుకుని, పక్కవాళ్ళ కారు మాట్లాడుకుని, ఫోను మంచంమీదే మర్చిపోయి బయల్దేరిపోయారు.

గేటు దగ్గర మనుషులకి ఒక ఆలోచన వచ్చింది. కరెంటు తీసేస్తే మిషను ఆగుతుంది కదా. ఎలక్ట్రీషియన్ నాని ముందుకొచ్చాడు. "ఆయ్, నేను చూస్కుంటానండి," అని వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ ఏం లాగాడో ఏమో గానీ, వీధి వీధంతా కరెంటు పోయింది. పిండిమర సగం పిండితో ఆగింది. జెరాక్స్ షాపు ఆగింది. వాటి తాలూకు జనం కూడా వచ్చి గేటు దగ్గర చేరారు. నాని "ఆపేశానండోయ్!" అని అరుచుకుంటూ వెనక్కి పరిగెత్తుకొస్తూ, కాలవమీద కదులుతున్న పలక మీద కాలేశాడు. పలక తిరగబడింది. నాని అందులో దిగిపోయాడు. అందరూ గేటుకేసి చూస్తుండడంతో ఎవరూ గమనించలేదు.

షెడ్డులో మిషను హఠాత్తుగా ఆగిపోయింది. కరెంటు పోయిందని భాస్కర్‌కి అర్థమైంది. ఇలాంటప్పుడు ముందు చెయ్యాల్సింది స్విచ్చి ఆపడం, తర్వాత ప్లగ్గు పీకడం. లేకపోతే కరెంటు వచ్చినప్పుడు మిషను దానంతటది తిరగడం మొదలెడుతుంది. అవి చేసి, బిట్టు ఆగిందని నిర్ధారించుకుని, తాపీగా చెవిడిప్పలు తీశాడు.

వీధిలోంచి పెద్ద గోల. అందులో ఒక ఏడుపు బాగా తెలిసిన గొంతులా ఉంది.

భాస్కర్ గేటు దగ్గరికి పరిగెత్తాడు. తల, మొహం, చొక్కా అన్నీ టేకు పొట్టుతో నిండిపోయి ఉన్నాయి. ఊచల వెనక జనాన్ని చూసి ఎవరికో ఏదో అయిందనుకున్నాడు. తాళంచెవి కోసం కుడిచెయ్యి జేబులోకి పోనిచ్చాడు. ప్యాంటు బిగువు. తాళంచెవి అడుక్కి వెళ్ళిపోయింది. మణికట్టు దాకా దూర్చి వెతకడం మొదలెట్టాడు.

గేటు బాదుతున్న చేతులన్నీ ఆగిపోయాయి.

"జేబులో దాచుకున్నారండీ పాపం," అంది మాణిక్యం, గొంతు తగ్గించి.

నాగదుర్గ ఊచలు పట్టుకుంది. "ఏవండీ! చెయ్యేదండీ?"

"ఏ చెయ్యి?"

"మీ చెయ్యి!"

"ఇదిగో," అని తాళంచెవితో సహా చెయ్యి బయటికి తీశాడు భాస్కర్. వేళ్ళన్నీ ఉన్నాయి. నాగదుర్గ ఊచల్లోంచి ఆ చేతిని పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, మణికట్టు గిల్లి చూసింది. భాస్కర్ "అబ్బా" అన్నాడు. అప్పుడు ఏడుపు ఆపింది. ఆపి, తిట్టడం మొదలెట్టింది. గేటు తెరిచేదాకా తిట్టింది, తెరిచాక ఇంకా దగ్గరికొచ్చి తిట్టింది. కుర్చీ చెయ్యి విరిగిన సంగతి, అభిలాష్‌కి చేసిన ఫోను సంగతి ఆ తిట్ల మధ్య సందుల్లో భాస్కర్ ఎలాగో చెప్పుకున్నాడు. నాగమణిగారు పొట్టులో పడున్న గ్లౌజుని కాలితో తన్ని చూసి, తల వంచుకుని చేపల దగ్గరికి వెళ్ళింది. అరుగుమీద సగం చేపలు లేవు.

"అయితే ఎవరికీ ఏమీ కాలేదన్నమాట," అన్నాడు పిండిమరాయన, కొంచెం నిరుత్సాహంగా.

"ఆయ్, నాకైందండి," అని కాలవలోంచి వినిపించింది.

నానిని నలుగురు పైకి లాగబోయారు. "ఆగండి! ఎవరూ కదపొద్దు!" అన్నాడు భాస్కర్. ఆ గొంతుకి పిండిమరాయన కూడా ఆగిపోయాడు. వీధిలో ఎవరూ అతని దగ్గర ఆ గొంతు వినలేదు. మస్కట్‌లో వినేవారు. భాస్కర్ కాలవలోకి దిగి, నాని చెప్పు తీసి, కాలివేళ్ళు కదిపించాడు. చీలమండ దగ్గర అప్పటికే వాపొచ్చేసింది. "నాగదుర్గా, బల్లమీద ఆ విరిగిన చెక్కలు రెండూ పట్రా. మెత్తటి తువ్వాలు కూడా. మాణిక్యం, ఆ ఐసు ఇలాగివ్వు." తువ్వాలు చుట్టి, కాలికి అటొకటి ఇటొకటి టేకుబద్దలు ఆనించి, మరీ బిగించకుండా కట్టాడు. మీద ఐసు కవరు పెట్టాడు. అప్పుడు నలుగురిచేతా ఒక్కసారే ఎత్తించి అరుగుమీద పడుకోబెట్టాడు. 

చాలాసేపటికి అంబులెన్సు వచ్చింది. "చెయ్యి తెగిన పేషెంటు ఎవరండీ?" అని దిగాడు అందులో మనిషి.

"చెయ్యి లేదండి. కాలుంది," అంది నాగమణిగారు.

ఆయన నాని కట్టు చూశాడు. రెండుపక్కలా తడిమాడు. "ఇదెవరు కట్టేరండీ? మా పని మిగిల్చేరు," అని స్ట్రెచరు దింపాడు. నానిని దానిమీదికి చేర్చి, ఛాతీదాకా దుప్పటి కప్పారు.

సరిగ్గా అప్పుడు వీధి మొగలో కారు ఆగింది. కుడి మోకాలు మడవలేక, ఒక కాలు ఈడ్చుకుంటూ అబ్బులుగారు పరుగులాంటి నడక నడిచి వచ్చారు. జనం, అంబులెన్సు, దుప్పటి కింద మనిషి. ఇంకేం చూడలేదు ఆయన. స్ట్రెచరు పట్టుకుని ఆపేశారు. మొహంకేసి చూసే ధైర్యం లేక దుప్పటికేసి చూస్తూ మాట్లాడేశారు.

"అల్లుడుగారూ, నన్ను క్షమించండి. ప్రతి పెళ్ళిలోనూ నలుగుర్లో నవ్వేను. మీరు బయట దేశంలో అంతమంది చేతులు కాపాడేరు. మా వెధవ నోటికి అది నవ్వులాటైపోయింది. మీకేమీ కాదు. పొలం అమ్మైనా చెయ్యి పెట్టిస్తాను."

"ఆయ్, పెద్దనాన్నగారూ," అన్నాడు నాని మొహమాటంగా. "నేనండి. నానినండి. నాది కాలండి."

అబ్బులుగారు తలెత్తారు. స్ట్రెచరుకి అవతలి పక్క అల్లుడు నిలబడి ఉన్నాడు, ఒళ్ళంతా పొట్టుతో, రెండు చేతులతో. భాస్కర్ ఏళ్ళ తరబడి వినాలనుకున్న మాట తనకే చెప్పారు గానీ, తను కాని మనిషికి చెప్పారు. "మావయ్యగారూ," అన్నాడు చివరికి. 

పెద్దాయన చుట్టూ తిరిగి వచ్చి, ఆ రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అంబులెన్సు కదిలి వెళ్ళిపోయింది. వెళ్ళాక ఎవరికో గుర్తొచ్చింది, కరెంటు ఎక్కడ తీశాడో ఎలా పెట్టాలో నానికి తప్ప తెలియదని. పిండిమరాయన అంబులెన్సు వెంట పరిగెత్తి, వీధి మొగదాకా వెళ్ళి తిరిగొచ్చాడు.

"ఇంతకీ ఎవరి చెయ్యండీ పోయింది?" అనడిగారు అబ్బులుగారు, లోపలికి వచ్చి కూర్చుని మంచినీళ్ళు తాగాక.

"మీదేనండి," అన్నాడు భాస్కర్.

అబ్బులుగారు గ్లాసు పట్టుకున్న తన చేతికేసి చూసుకున్నారు.

"కుర్చీదండి. మీకోసం నేనే చేస్తున్నాను. ఆదివారానికి ఇద్దామని."

"మీరే చేస్తున్నారా?" అన్నారాయన. ఈ ప్రశ్న వసారాలో వినాలని భాస్కర్ ఎన్నోసార్లు ఊహించుకున్నాడు. ఊహలో ఒళ్ళంతా పొట్టు లేదు, ఫ్యాను తిరుగుతోంది. "ఏదీ, ఆ విరిగిన చెయ్యి చూపించండి."

"లేదండి. నాని కాలికి కట్టేను. అంబులెన్సులో అమలాపురం వెళ్ళిపోయింది."

అబ్బులుగారు గ్లాసు కింద పెట్టారు. "మంచి పనే చేసేరు," అన్నారు. షెడ్డులోకి నడిచి, చుట్టూ కట్టిన చారల టేపుని చూసి, "ఇది మీ చుట్టూ కాదండీ అల్లుడుగారూ, మా చుట్టూ కట్టాల్సింది," అని దాన్ని ఎత్తిపట్టుకుని దూరారు. కుర్చీకి అప్పటికి ఒక్క చెయ్యే ఉంది, ఎడమది. అబ్బులుగారు దాన్ని పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నారు. మడత పడని కుడికాలు ఖాళీగా ఉన్న పక్కకి చాపుకున్నారు. దానికి ఏదీ అడ్డం తగల్లేదు. వెనక్కి ఆనుకున్నారు. ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలో ఆ కాలుతో రోజూ ఎంత యుద్ధం చేస్తారో నాగదుర్గకి తెలుసు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఇంకో చెయ్యి పెట్టకండి," అన్నారు అబ్బులుగారు కళ్ళు మూసుకుని. "ఇలాగే పట్టుకుపోతాను."

భాస్కర్ ఫోను ఆన్ చేసి, చెయ్యి అక్కర్లేదని అభిలాష్‌కి చెప్పాడు. ఈసారి ఇంట్లోకి వెళ్ళి, తలుపు వేసుకుని చెప్పాడు.

నాని మూడు వారాల్లో నడిచాడు. మాణిక్యానికి పిల్లులు తినేసిన చేపలకి బదులుగా నాగమణిగారు నెల్లాళ్ళపాటు ఆవిడ దగ్గరే చేపలు కొంది. అబ్బులుగారు కుర్చీని రాయవరంలో అరుగుమీద వేసుకుని, వచ్చినవాళ్ళందరికీ "మా అల్లుడుగారు చేసేరు" అని చెప్పడం మొదలెట్టారు.

కానీ మొదటి కబురు ప్రయాణం చేసినంత వేగంగా రెండోది చెయ్యలేదు. కొత్తపేటలో సేఫ్టీ ఆఫీసరుగారి చెయ్యి మిషన్లో పడి తెగిపోయిందని రావులపాలెం నుంచి కె.గంగవరం దాకా తెలిసింది. తెగలేదన్న సంగతి మాత్రం వాళ్ళ వీధి దాటలేదు. దాంతో ఎక్కడెక్కడివాళ్ళో పరామర్శకి వస్తున్నారు. భాస్కర్ చేతిని పట్టుకుని, వెలుతురులో పెట్టి, మణికట్టు చుట్టూ తిప్పి చూసి ఆశ్చర్యపోతున్నారు. "అతుకే తెలీట్లేదండీ! ఏ డాక్టరుగారండి?" అనడుగుతున్నారు. అసలు చెయ్యి తెగనే లేదని భాస్కర్ మొదట్లో ఓపిగ్గా చెప్పేవాడు. వాళ్ళు జాలిగా తలూపి, షాకు ఇంకా తగ్గలేదని నాగదుర్గతో చెప్పి వెళ్ళేవారు.

ఇప్పుడు అడిగినవాళ్ళకి హైదరాబాదులో అతికించారని చెప్తున్నాడు. అలా చెప్తే కాఫీ తాగి తొందరగా వెళ్ళిపోతున్నారు.